కారులో రెండో అమ్మాయి

మూడో టేకూ పోయింది.

"కట్!" అరిచాడు దర్శకుడు సోమేశ్వరరావు. "అమ్మాయీ, నీ ఎదురుగా ఉన్నది కత్తి పట్టుకున్న హంతకుడు. మీ అమ్మ కాదు!"

1974 వేసవి. మాదాపూర్ ఊరు దాటాక ఉన్న బండల మధ్య షూటింగ్. జయలక్ష్మికి ఇది తొలి సినిమా, తొలి క్లోజప్. హంతకుడి వేషం వేసిన నటుడు పొద్దున్నే మద్రాసు విమానం ఎక్కేశాడు. కెమెరా పక్కన ఖాళీ స్థలాన్ని చూసి ఆమె భయపడాలి. కళ్ళేమో ప్రతిసారీ పక్కకు జారి, గొడుగు కింద కూర్చున్న తల్లి మీద ఆగుతున్నాయి, బాగా చేశానా అని అడుగుతున్నట్టు.

తల్లి పుణ్యవతి ఒకప్పుడు పెద్ద హీరోయిన్. ఇంట్లో అద్దం ముందు కూతురికి ప్రతి చూపూ ఆమే నేర్పింది.

డ్రైవర్ ఎల్లేశం మంచినీళ్ళు అందిస్తూ గొంతు తగ్గించాడు.

"బిడ్డా, నీకు చెప్పొద్దన్నరు. గా కారుల ఇంకో పిల్ల కూసున్నది. నీ లెక్కనే లంగా ఓణీ, నీ లెక్కనే జడ."

"ఎవరు?"

"పేరు చెప్పలే. పొద్దుగాల బాలానగర్ కాడ ఎక్కించుకొచ్చిన. జర పైలం."

జయలక్ష్మి అటు చూసింది. కారు అద్దాలకు పరదాలు వేసి ఉన్నాయి. గబగబా దర్శకుడి దగ్గరికి నడిచింది.

"సార్, ఇంకొక్కసారి..."

"అదే ఆఖరు. రంగుల ఫిల్ము దొరకడమే గగనంగా ఉంది. ఇదీ పోతే ప్రొడ్యూసర్‌గారు వేరే అమ్మాయిని పెట్టమంటున్నారు."

పుణ్యవతి లేచింది. "హంతకుడి చోట నేను నిలబడతానండి. ఎలాగూ నన్నే చూస్తోంది కదా!"

"నిలబడండి. మాట్లాడినా పర్లేదండి, గొంతు తర్వాత డబ్బింగే."

కెమెరా తిరిగింది. ఎదురుగా అమ్మ చిరునవ్వు. జయలక్ష్మి మనసు కుదుటపడింది. భయం అసలే రాలేదు.

పుణ్యవతి అదే చిరునవ్వుతో అంది. "అమ్మడూ, ఆ కారులో పిల్లని పిలిపించింది నేనే."

జయలక్ష్మి పెదవులు ఎండిపోయాయి.

"ఆ ఓణీ కొన్నదీ నేనే. నీవల్ల కాదని నాకు మొదటి నుంచీ తెలుసు."

జయలక్ష్మి ఊపిరి ఆగింది. కళ్ళు పెద్దవయ్యాయి. తల్లి ముఖం మీంచి చూపు తిప్పుకోలేకపోయింది.

"కట్! ఓకే!"

చప్పట్లు మోగాయి. పుణ్యవతి పరుగున వచ్చి కూతుర్ని కావలించుకుంది. "పిచ్చిదానా, నీకు భయం పుట్టాలని అలా అన్నానే!"

జయలక్ష్మి ఏడుస్తూనే నవ్వేసింది. తల్లి భుజం మీద తల వాల్చింది.

కారు తలుపు తెరుచుకుంది.

దిగింది పిన్ని కూతురు నాగేశ్వరి. అదే లంగా, అదే ఓణీ. ముఖం నిండా మేకప్.

"పెద్దమ్మా!" అక్కణ్ణుంచే కేకేసింది. "అక్కది ఓకే అయిపోయిందిగా! ఇక నేను ముఖం కడుక్కోనా?"

కూతురి వీపు నిమురుతున్న పుణ్యవతి చెయ్యి ఆగింది.

"మనింట్లోంచి ఎవరో ఒకరు తెర మీద ఉండాలి కదే," అంది మెల్లగా.

జయలక్ష్మి వెనక్కి జరిగింది. "రేపు కూడా తీసుకొస్తావా దాన్ని?"

పుణ్యవతి కూతురి గడ్డం పట్టుకుని, ముఖం మీద చెదిరిన పౌడరు సరిచేయసాగింది.