మగ్గం ఆగినప్పుడల్లా

పట్టు పోగు చుట్టుతున్న మూడో కండె సగం నిండేసరికి లోపలి గదిలో మగ్గం ఆగింది. యశోదమ్మ రాట్నం తిప్పడం ఆపలేదు, చెవి మాత్రం అటు పెట్టింది. మొగుడి దగ్గు వినిపించింది. ఆ వెనకే మాగిన మామిడిపండు లాంటి తీపి వాసన. మళ్లీ టకటక మొదలైంది. ఆమె ఊపిరి వదిలింది.

ధర్మవరంలో ఆ గుంతమగ్గం మీద ఆదెప్ప నలభై ఏళ్లుగా పట్టుచీరలు నేస్తున్నాడు. బక్కమనిషి. కూర్చుని కూర్చుని నడుము ముందుకు వంగిపోయింది. తాడు లాగి లాగి కుడి అరచేయి కాయలు కాసింది. నాలుగు నెలల కిందటి దాకా బీడీ తాగేవాడు. పట్టు దగ్గర నిప్పు కూడదు. పొగ వాసన పట్టిన చీరను షావుకారు తీసుకోడు. అందుకని బీడీ మీదికి మనసు పోయినప్పుడల్లా గుంతలోంచి లేచి, ఆమె ముందు నుంచే నడిచి, బయట అరుగు మీద కూర్చునేవాడు. రోజుకు పదిహేను, ఇరవై సార్లు. మొహం ఎలా ఉందో, కాళ్లు వాచాయో లేదో ఆమె అప్పుడే చూసుకునేది. అగ్గిపుల్ల గీసిన చప్పుడు విని నీళ్లచెంబు తీసుకుపోయేది.

ఊపిరితిత్తులు పాడయ్యాయి, బీడీ మానమని డాక్టరు చెప్పాక మేనల్లుడు నరేంద్ర బెంగళూరు నుంచి ఈ కరెంటు బీడీ తెచ్చాడు.

"నిప్పుండదు, బూడిదుండదు మామా. పీలిస్తే మామిడిపండు వాసనొస్తాది. ఛార్జింగు పెడితే ఎర్ర చుక్క వెలుగుతాది. నిండినంక పచ్చగా అయితాది."

ఆ రోజు నుంచి ఆదెప్ప గుంతలోంచి లేవడమే మానేశాడు. మగ్గం ఆపి, కూర్చున్న చోటే పీలుస్తాడు.

మధ్యాహ్నం సంగటి తింటుంటే టీవీలో దాని మీదే, ఈ-సిగరెట్ల మీదే వాదన. బీడీ, సిగరెట్టు కంటే ఇదే మేలు, నిషేధం తీసేయండని ఒకాయన. ఇందులోనూ విషమే, పిల్లలు అలవాటు పడతారు, నిషేధం ఉండాల్సిందేనని ఒక డాక్టరమ్మ.

"ఇన్నావా? దీన్ని అమ్మనే కూడదంట. బీడీ కట్ట మీదన్నా ప్రమాదమని రాసుంటాది. దీని మీద ఒక్క తెలుగక్షరం లేదు" అంది యశోదమ్మ. జరీ డబ్బాల మీది పేర్లు చూసి తనంతట తానే చదువు నేర్చుకున్న మనిషి. రాత లేని వస్తువంటే ఆమెకు భయం.

"రాసిండేది చదివి బీడీ మానినానా యేంది?" నవ్వబోయి దగ్గాడు ఆదెప్ప. "వాళ్లిద్దరినీ తేల్చుకోనీలే. తేలినంక ఇదీ మానేస్తా."

"వాళ్లు తేల్చేలోపల నువ్వు యాడుంటావో! పోనీ, ముందు మాదిరి బయటికొచ్చి తాగు. నీ మొగం కనపడక నాకు దిగులుగుండాది."

"నలభై ఏండ్లు సూసినావు, సాల్లేదా? పోవే, తిక్కదానా."

ఆమె టీవీ కట్టేసి, అంట్లు తోమడానికి పెరట్లోకి పోయింది. తిరిగి వచ్చేసరికి మగ్గం ఆడుతోంది. గోడకు వీపు ఆనించి రాట్నం ముందు కూర్చుంది. ఇంకో మూర నేస్తే చీర పూర్తయి మగ్గం దిగుతుంది.

మగ్గం ఆగింది.

తాగుతున్నాడులే అనుకుంది. కండె నిండింది. ఇంకోటి పెట్టింది. వాసన రాలేదు. గాలి అటు తిరిగిందేమో అనుకుంది. అదీ నిండింది. లేచి చూద్దామనుకుని, కసురుకుంటాడని ఊరుకుంది. పోగు తెగింది. కొస దొరక్క, కండెను వెలుతురుకు పట్టుకుని వెనక్కి తిరిగింది.

గోడ మీద స్విచ్చుబోర్డుకు కరెంటు బీడీ వేలాడుతోంది. ఎర్ర చుక్క. తను పెరట్లో ఉండగా ఆయనే వచ్చి ఛార్జింగు పెట్టి పోయినట్టున్నాడు.

కండె చేతిలోంచి జారింది.

"ఇదిగో... ఏమప్పా... ఇదిగో..."

లోపల గుంతలో ఆదెప్ప తల చీర మీద ఆనించి ఉన్నాడు. కాళ్లు ఇంకా తొక్కుడు చెక్కల మీదే ఉన్నాయి. పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడె సగం దారిలో ఆగిపోయింది. చెంప చల్లగా ఉంది.

తను అరిచిందో లేదో ఆమెకే తెలియలేదు. వీధిలోవాళ్లు వచ్చారు. నలుగురు పట్టి ఆయన్ని గుంతలోంచి పైకి తీశారు. ఆమె ముందు నుంచే మోసుకుపోయి, బయట అరుగు మీద పడుకోబెట్టారు. అలవాటుగా ఆమె నీళ్లచెంబు తీసుకుని వెనకే పోయింది.

లోపల ఎవరూ లేరు. గోడ మీద ఎర్ర చుక్క ఆరి, పచ్చగా వెలిగింది.