షిఫ్ట్ మీద మోచెయ్యి

ప్రొద్దుటూరు ఇనాయతుల్లా ఎవరినీ ఏదీ అడిగి నేర్చుకోలేదు. అది పొగరు కాదు, ఎదుటివాళ్ల సమయం మీద గౌరవమని ఆయనే చెప్పుకుంటాడు. జిరాక్సు అంగట్లోని కంప్యూటరును కూడా బొమ్మలను బట్టి నొక్కుతూ నేర్చుకున్నాడు. తెర మీద ఇంగ్లీషులో ఏ పెట్టె వచ్చి అడిగినా ‘ఎస్’ నొక్కేస్తాడు. కాదనడం మర్యాద కాదు గదా.

ఆ కంప్యూటరులో సెట్టింగు ఎట్ల మారిస్తే వీధి అట్ల మారేది.

“అన్నా, ఎండ రోంత తగ్గించు. పాలు ఇరిగిపోతాండాయి,” అని ఎదురు టీకొట్టు ఫరూఖ్ కేకేస్తే వెలుతురు రెండు గళ్లు దించేవాడు. శనివారం పదింటికి అక్షరాల సైజు పెంచేవాడు. రిటైరైన ప్రమీలమ్మ టీచరు జమ్మలమడుగు చర్చిలో పిల్లలకు పాటలు నేర్పను పోతుంది. చూపు మందం. బస్సు బోర్డు మీద ఊరిపేరు మంచమంత అయితేనే ఆమెకు కనబడేది.

ఆ శనివారం అక్షరాలు పెంచి, బాగా చదువుకున్నోని మాదిరి మోచెయ్యి కీబోర్డు మీద ఆనించి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. కింద షిఫ్ట్ మీట నలుగుతోందని చూసుకోలేదు. కూయ్‌మని ఒక పెట్టె వచ్చింది. ఎస్ నొక్కాడు.

ఫరూఖ్ గీసిన అగ్గిపుల్ల అంటుకోలేదు. ఇంకోటి గీశాడు. అదీ అంతే. సైకిలాయన బెల్లు కొడితే మోగలేదు. ఇనాయతుల్లా కీబోర్డు మీద పడ్డాడు. దొరికిన మీటనల్లా టకటకా కొట్టాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

బయట ప్రమీలమ్మ బస్సు బోర్డు మీదే కళ్లు పెట్టి, నిదానంగా రోడ్డు దాటుతోంది. పెన్న నుంచి ఇసుక ట్రాక్టరు వస్తోంది. డ్రైవరు హారను కొడుతున్నాడు, చప్పుడు లేదు. బ్రేకు తొక్కి వదులుతున్నాడు, బండి నిలవడం లేదు.

ఇనాయతుల్లా లేచి ఉరకబోయాడు. కాళ్లు ఉన్నచోటే ఉన్నాయి. “టీచరమ్మా!” అని అరిచాడు. మాట గడప దాటలేదు.

భయానికి బిగుసుకుపోయిన వేలు ఒక మీట మీద అట్లే ఉండిపోయింది. కాసేపటికి తెర మీద ఒక్క అక్షరం పడింది. తొందరగా చేసిందేదీ ఈరోజు చెల్లదని అప్పుడు తెలిసింది. ఊపిరంతా బిగబట్టి, మసీదులో బాంగు ఇచ్చినట్టు సాగదీశాడు.

“ఉండమ్మాఆఆఆఆ!”

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగింది. ట్రాక్టరు ఆమె కొంగును రాసుకుంటూ పోయింది. బస్సూ పోయింది.

ప్రమీలమ్మ అంగట్లోకి వచ్చి, సెట్టింగులు తెరిపించి వరుసగా చదివింది. “ఏందిరా ఇది? ‘నిదానం మీటలు, నొక్కి పట్టుకుంటేనే పనిచేస్తాయి’ అని ఇంత లావున రాసింటే ఎస్ అంటివా?”

“మర్యాదకు అంటి, టీచరమ్మా.”

“నీ మర్యాదతో నన్ను మట్టిలో పెడుతుంటివి గదరా! ఆపు దాన్ని.”

ఆపాడు. ఎదురుగా ఫరూఖ్ చేతిలో పుల్ల భగ్గుమంది.

ఇప్పుడు ఏ పెట్టె వచ్చినా ఇనాయతుల్లా చేతులు కట్టుకుని, టీచరమ్మ వచ్చి చదివేదాకా కూర్చుంటాడు. ‘నో’ ఎప్పుడు నొక్కాలో మాత్రం ఇంతవరకూ నేర్చుకోలేదు.