పని చేసే చోటు

అత్తగారిని పక్కకు ఒత్తిగిలించి, వీపు కింద నలిగిన దుప్పటిని లాగుతుండగా కోడలి ఫోను టింగుమంది. రెండు చేతులూ ఖాళీ లేవు. పక్షవాతం వచ్చిన మనిషిని పక్కకు తిప్పడమంటే దిండు జరిపినంత తేలిక కాదు. ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి నడుం కింద పెట్టి, తన మోకాలు మంచం పట్టెకు ఆనించి, ఊపిరి బిగబట్టి తిప్పాలి. తిప్పింది. తడిసిన రబ్బరు షీటు తీసి పొడిది పరిచింది, వీపుకు పౌడరు రాసింది. "అమ్మాయ్, ఫోను," అంది అత్తగారు, ఒక పక్కకు లాగేసిన మూతితో మాటలు కూడదీసుకుంటూ. "మోగనివ్వండి అత్తయ్యా, వాళ్ళకేం పని," అంది గానీ ఆమె మనసు అప్పుడే ఫోను దగ్గరికి పరుగెత్తింది.

వాళ్ళంటే ఇద్దరు, కాలేజీనాటి స్నేహితులు. ఒకామె డ్రాయింగు టీచరు, ఇంకొకామె లాయరు. ముగ్గురూ కలిసి వారానికో ఫోటో పందెం పెట్టుకున్నారు. వంతులవారీగా ఒకరు అంశం చెప్పాలి, ఆదివారంలోగా ముగ్గురూ ఫోటో పెట్టాలి. ఆ వారం తీసిన ఫోటోయే పెట్టాలి, పాతది పెట్టి తప్పించుకోవాలని చూస్తే లాయరు బోనెక్కించి వారమంతా ఏడిపిస్తుంది. 'ఎరుపు' అన్నప్పుడు చెంచా నిండా దగ్గుమందు పోసి కిటికీ వెలుగులో పట్టుకుని తీసింది ఆమె. "నీ దుంపతెగ, చెంచాలో ఇంత అందం ఎక్కణ్ణుంచి తెచ్చావే!" అంది టీచరు. భర్తేమో ఆ ఫోటోను చుట్టాలకు చూపించి, "పొద్దస్తమానం జనాల ఎముకలకు ఫోటోలు తీసి తీసి, ఇప్పుడు చెంచాలకు దిగింది మా ఆవిడ," అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వకపోతే బావుండదని ఆమె కూడా నవ్వి, కాఫీ కప్పులు తీసింది.

ఆమెది ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే ఉద్యోగం. అత్తగారు పడిపోయినప్పుడు భర్త, "ఓ నాలుగు రోజులు సెలవు పెట్టు, అమ్మ కాస్త కోలుకోనీ," అన్నాడు. అత్తగారు కోలుకోలేదు, ఆ నాలుగు రోజులూ నెలలైపోయాయి. సెలవు పొడిగించమని నువ్వెళ్ళి అడగక్కర్లేదు, నేను మాట్లాడతాలే అన్నాడు. మాట్లాడాననే అన్నాడు. ఈ సంగతి స్నేహితులకు చెప్పలేదామె. చెబితే లాయరు అడిగే మొదటి ప్రశ్న ఆమెకు తెలుసు, మీ ఆయనెందుకు పెట్టలేదే సెలవు అంటుంది. దానికి జవాబు లేదు. అందుకని ఇవాళ రష్షు ఎక్కువుందనీ, మెషీను మొరాయించిందనీ కబుర్లు అల్లి చెబుతూ వచ్చింది. అబద్ధమని ఆమెకు అంతగా అనిపించలేదు కూడా. తన కుర్చీ అక్కడే ఉంది, తను లేదు, అంతే కదా అనుకునేది.

చేతులు కడుక్కుని చూస్తే లాయరు పంపిన అంశం. 'ఈ వారం, పని చేసే చోటు. నీ ఎక్స్‌రే గది చూడాలని ఎప్పట్నుంచో ఉందే మాకు!'

పాత ఫోటో ఒకటుంది గానీ, అందులో ఆమె జుట్టు భుజాల దాకా ఉంది. అత్తగారి పనితో తల దువ్వుకునే తీరిక లేక మొన్ననే కురచగా కత్తిరించుకుని, ఆ ఫోటో వాళ్ళకు పంపి తిట్లు తింది. ఇక వెళ్ళక తప్పదు. గురువారం భర్త అక్క తల్లిని చూడ్డానికి వచ్చినప్పుడు, "వదినా, మందుల షాపు దాకా వెళ్ళొస్తాను," అంది. వదిన గడియారం చూసుకుంటూ, "తొందరగా వచ్చెయ్. అమ్మ మధ్యలో ఏదైనా అడిగితే నాకు చేతకాదు," అంది. కన్నకూతురికి చేతకానిది తనకెలా చేతనైందో అడగాలనిపించింది ఆమెకు. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని వచ్చేసింది.

ఎక్స్‌రే గది తలుపు ఓరగా తెరిచి ఉంది. మందుల వాసన, ఏసీ చలి, గోడ కొక్కేనికి వేలాడే, కిరణాలు సోకకుండా తొడుక్కునే బరువైన సీసపు ఏప్రాను, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది ఆమెకు. ఫోను పైకెత్తి గురి చూసుకుంటుంటే ఆమె కుర్చీలోంచి ఒక అమ్మాయి లేచింది. "మేడమ్, ఇక్కడ ఫోటోలు తియ్యకూడదండీ. పేషంట్లు బట్టలు మార్చుకునే చోటు. చూడండి, బోర్డు కూడా ఉంది." ఆ బోర్డు రాసి అంటించింది ఒకప్పుడు తనే. ఆ చేతిరాత తనదేనని చెప్పబోయి, ఏం లాభంలే అని ఫోను దించేసింది.

గొంతు విని పెద్ద డాక్టరుగారు బయటికొచ్చారు. "ఏమ్మా, అత్తగారెలా ఉన్నారు? మీరు ఉద్యోగం మానేస్తున్నారని మీవారు ఫోను చేసి చెప్పగానే నాకు కష్టమేసింది. చెప్పడానికి మీరు మొహమాటపడుతున్నారన్నారు. ఇన్నేళ్ళు పనిచేశారు, ఆ మాట మీ నోటితో చెబితే బావుండేది."

మానేస్తానన్న మాట ఆమె ఎవరితోనూ అననే లేదు. అయినా ఆమె నోట్లోంచి వచ్చిన మాట, "అవును సార్, ఆ హడావుడిలో..." అనే! తన ఉద్యోగాన్ని తనకు తెలియకుండా ఊడబెరికిన మనిషి పరువు కాపాడటానికి నోరు అంత చప్పున ఎలా కదిలిందో! ఆ క్షణాన భర్త మీదకన్నా తన మీదే ఎక్కువ ఒళ్ళు మండింది ఆమెకు. మెట్ల దాకా వెళ్ళి, వెనక్కి వచ్చింది. "సార్, నేను మానలేదు. నాకు తెలీదు. ఎక్కడైనా ఖాళీ ఉందా?"

డాక్టరుగారు ఆ కొత్త అమ్మాయి వైపు ఒకసారి చూశారు. "మనం కొత్తగా తెరిచిన స్కానింగు సెంటర్లో సోమవారం నుంచి మనిషి కావాలి. ఆలోచించుకుని ఫోను చెయ్యండి. మీరే చెయ్యాలి," అన్నారు.

సాయంత్రం భర్త బూట్లు విప్పుకుంటుండగా అడిగింది. అతను తలెత్తకుండానే, "ఎప్పటి సంగతి అది! నువ్వు చెప్పలేవుగా, నీ బదులు నేను చెప్పాను. నెత్తిన బరువు దించినట్టే కదా. ఏం, ఇక్కడ నీకేం తక్కువైంది? టీ పెట్టు," అన్నాడు. మేజోళ్ళు ఉండచుట్టి కుర్చీ కింద పడేశాడు. అవి రేపు ఎవరు తీస్తారో అతనికి ఆలోచించాల్సిన పనే లేదు.

మర్నాడు పొద్దున తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తుంటే అత్తగారు కళ్ళు మూసుకుని, "వాణ్ణేమీ అనకు. ఆ ఫోను... నేనే చెయ్యమన్నా," అంది.

ఆమె గుడ్డను బేసినులో వదిలేసింది. "ఎందుకత్తయ్యా?"

"నువ్వు పోతే నన్నెవరు చూస్తారు?"

"మీ అబ్బాయి ఉన్నారుగా."

"వాడా?" అంది అత్తగారు. మంచి కంటిలోంచి నీళ్ళు చెవి వైపు జారాయి. "కన్నదాన్ని. నాకు తెలీదూ?"

కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ కోపంలోనే, ముద్దులు చేసి పెంచిన కొడుకును చూసి భయపడుతున్న ఈ ముసలిప్రాణం మీద జాలి కూడా ముంచుకొచ్చింది. ఈ ఇంట్లో అతన్ని నమ్మే ఆడది ఒక్కతీ లేదన్నమాట. అంత జాలిలోనూ, ఈ భయానికి తన బతుకును అడ్డం వెయ్యాలా అన్న ప్రశ్న మాత్రం ఆమెను వదలలేదు.

"అత్తయ్యా, ఒక ఫోటో తీసుకోనా?"

"నా మొహం పడనీకు."

మొహం పడనివ్వలేదు. మంచం, రబ్బరు షీటు, సబ్బునీళ్ళ బేసిను, మంచం పట్టెను పట్టుకున్న తన ఎడమ చెయ్యి, అంతే. కింద రాసింది: 'నేను పని చేసే చోటు. నెలల నుంచీ ఇదే. ఇంతకాలం మీకు చెప్పిందంతా అబద్ధం.' ముందు టీచరు, 'ఏడుస్తున్నానే,' అని పెట్టింది. లాయరు ఏమీ రాయకుండా ఫోను చేసింది. ఆమె అడగబోయే ప్రశ్న అడిగేలోపే ఈమె, "ఆయన్ని సెలవు పెట్టమని నేనూ అడగలేదే, ఇక అడుగుతాను," అని జవాబు చెప్పేసింది. ఆ ఫోను పెట్టేసి డాక్టరుగారికి ఫోను కలిపింది.

సోమవారం పొద్దున తలుపు దగ్గర బ్యాగు పెట్టుకుని, భర్తను మంచం పక్కకు పిలిచింది. పగటికి ఒక ఆయాను కుదిర్చాననీ, ఆవిడ వచ్చేదాకా, వెళ్ళాక తను తిరిగొచ్చేదాకా అతనే చూసుకోవాలనీ చెప్పింది. అతను నమ్మలేనట్టు చూశాడు. "నీకేమైనా పిచ్చా? నాకు ఆఫీసుంది. మా అమ్మ ఆడమనిషి, నేనెలా చేస్తాను ఇవన్నీ? అమ్మా, నువ్వైనా చెప్పవే!"

అత్తగారు పనిచేసే చెయ్యి చాచి కోడలి మణికట్టు పట్టుకుంది. ఉన్న బలమంతా ఆ పట్టులోనే ఉంది. బస్సు టైమవుతోంది. ఆమె వంగి, ఆ వేళ్ళను ఒక్కొక్కటే నొప్పి కలగకుండా విడదీసింది. ఆ చేతిని కొడుకు అరచేతిలో పెట్టింది.

"గట్టిగా పట్టుకోండి," అంది. "మీరు వదిలేస్తారని అత్తయ్య భయపడుతున్నారు."