పాచినోటి మందు

ఎలీయేజరు ఇంకా నోరు కడగలేదు. కడిగితే మందు పోతుంది మరి! సంతరోజు కావడంతో తామరలూ సెగ్గడ్డలూ పట్టుకుని పిల్లాపెద్దా పొద్దున్నే గుమ్మం ముందు చేరారు. పాచినోటి ఉమ్ము వేలికి తీసుకుని, "ప్రభువా" అని గొణుక్కుంటూ ఒక్కొక్కరికీ రాస్తున్నాడు. ఆ పని తెమిలేదాకా భార్య సవరమ్మ ఇచ్చే టీ కూడా ముట్టడు.

డుంబ్రిగుడ చుట్టుపక్కల ఆయన్ని మనిషిగా లెక్కచేసేది ఆ కాసేపే. తర్వాత పొద్దస్తమానం కాఫీ పళ్ళ తొక్క తీసే మిషను తిప్పుతాడు. పొట్టి మనిషి, పీలమెడ. మిషను వెనకాల నిలబడితే తలపాగా తప్ప ఇంకేమీ కనపడదు. ఏళ్ళ తరబడి చూస్తున్న మేస్త్రీ కూడా "ఒరే, నీ పేరేట్రా?" అనే అడుగుతాడు.

ఇవాళ మాత్రం ఎడమచేత్తో రాస్తున్నాడు. కుడిచెయ్యి తువ్వాల్లో దాచాడు. మొన్న మిషను వేలు కొరికింది. ఊరందరికీ పనికొచ్చే మందు తనకు పనికిరాదా? పాచినోటితోనే రాసుకున్నాడు. చెయ్యి కాస్తా బూరెలా పొంగింది. ఒళ్ళంతా చలి.

అటుగా వచ్చిన నర్సు క్రిస్టినా తువ్వాలు లాగేసింది.

"తాతా, మోసెయ్యి దాకా ఎర్రగా పాకింది! బేగి విశాపట్నం ఎల్లాల."

"గట్టిగా అనకే గుంటా, ఆళ్ళింటారు! నా మందు నాకే పనిసెయ్యలేదంటే రేపు నా గుమ్మం తొక్కుతారేటి?"

"పేనం పోద్ది."

"పేరు పోయాక పేనమెందుకే?"

మధ్యాహ్నానికి మాట తడబడింది. సవరమ్మ ఇంక ఆగలేదు. తిట్టుకుంటూనే లాక్కెళ్ళి విశాఖపట్నం వెళ్ళే కిరండూల్ పాసింజరు ఎక్కించింది.

పెద్దాసుపత్రిలో డాక్టరు పెదవి విరిచాడు. "ఈ సూక్ష్మజీవులు నీ నోట్లోవే పెద్దాయనా. అందరి నోళ్ళలోనూ ఉంటాయి. అక్కడున్నంతకాలం ఏ హానీ చెయ్యవు. పుండులోంచి రక్తంలోకి దిగాయి. ఇంత ముదరడం ఏ లక్షలో ఒకరికో."

"మా అల్లుడి బాపతే," అన్నాడు ఎలీయేజరు. "ఆడింట్లో ఆడున్నంతకాలం మంచోడే." ఆ జ్వరంలోనే సవరమ్మ వైపు తిరిగాడు. "ఇన్నావా? లచ్చలో ఒక్కడినట!"

ఆ మొహంలో సంబరం చూసి ఆమెకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఊళ్ళో సెప్పకే," అన్నాడు. అదే ఆఖరి మాట. సెలైను ఎక్కుతుండగానే పోయాడు.

ఊరికి ఫోను లైను ఇంకా పడలేదు, కబురేమీ అందలేదు. మర్నాడు పొద్దున జీపులో శవాన్ని తీసుకొచ్చేసరికి, కొండపైనుంచి దిగిన తవిటమ్మ తామర పట్టిన కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. జీపు చూసి గబుక్కున లేచింది.

"తాతకేటయింది?"

"మిసను కరిసింది," అంది సవరమ్మ. పిల్ల చెయ్యి పట్టుకుని చూసింది. "క్రిస్టినా కాడికి తీసుకెల్లు, మందిత్తాది. ఉమ్ము మాత్రం ఎవుల్నీ రాయనీకు. ఆయన నోరులాంటి నోరు ఇంకెవులికీ లేదమ్మా!"

తవిటమ్మ కళ్ళొత్తుకుని పిల్లనెత్తుకుంది. తాత కోసం అంబలి నింపి తెచ్చిన సొరబుర్ర గుమ్మం పక్కనే ఉండిపోయింది. మూతికి కుక్కిన ఆకు ఇంకా వాడిపోలేదు.