కలుపు తీసిన చేను

కురుమమ్మకు ముందుగా చెప్పింది నేనే. చెప్పకపోతే ఆ చేనులో గడ్డి ఈపాటికీ ఊగుతూ ఉండేది.

చిక్కడపల్లిలో మెట్రో కింద పొద్దున్నే కూలీల అడ్డా. ఆమె అక్కడ నెత్తికి తువ్వాల చుట్టుకుని కూర్చుంటుంది. మాదీ ఆమెదీ ఒకే ఊరు, పాలమూరు జిల్లా. నేను ఆరో తరగతిలో బడి మానేసి సెంట్రింగు పనికి వచ్చినవాణ్ని. నడుము పట్టేశాక, అశోక్‌నగర్‌లో పిట్టలను కాపాడే సంస్థలో గడ్డి లెక్కపెట్టే పనికి కుదిరాను. అక్కడ అందరివీ పెద్ద చదువులు. చేనులో దిగితే మాత్రం గరికేదో బోదేదో నన్నే అడగాలి. నేను చెప్తాను, వాళ్లు ఇంకేదో భాషలో రాసుకుని కింద తమ పేరు వేసుకుంటారు.

ఆ లెక్కంతా నేల నెమలి కోసం. కోడిపెట్టంత పిట్ట. వానలు పడగానే మగది గడ్డిలోంచి ఎగిరెగిరి పడుతుంది, ఆడదానికి కనబడాలని. గడ్డి మోకాలెత్తు ఉంటేనే అది గుడ్లు పెడుతుంది. మా దిక్కు బీళ్లన్నీ ప్లాట్లయి, పిట్ట కనబడకుండా పోయింది. ఈ ఏడు ఒక్క జంట వచ్చింది, కురుమమ్మ చేనులోకి. ఆమె పట్నంలో ఇటుకలు మోస్తుంటే ఆ మూడెకరాలు నాలుగేళ్లుగా దున్నేవాళ్లు లేక పడావు పడి ఉన్నాయి. మేము ఊరు విడిచినందుకు బాగుపడ్డది ఆ పిట్ట ఒక్కటే.

అట్లాంటి చేనును సంస్థ ఐదేళ్లు కౌలుకు తీసుకుని, దున్నకుండా వదిలేస్తుంది. దానికి రెండుసార్లు లెక్క తీయాలి. ఇనుప చట్రాన్ని ఇరవై చోట్ల నేలమీద వేసి, అందులో ఏ గడ్డి ఎన్ని దుబ్బులుందో, ఎంత ఎత్తుందో రాయాలి. ఆషాఢంలో మొదటి లెక్క బ్రహ్మాండంగా వచ్చింది. శ్రావణంలో బోద దుబ్బు మొదట్లో మూడు గుడ్లు చూశాను. భాద్రపదంలో రెండో లెక్క నిలబడితే కౌలు. లేకపోతే పక్క వెంచరువాడికి చేను అమ్మేద్దామని కురుమమ్మ కొడుకు కాచుకుని ఉన్నాడు. కమిటీ తేల్చేదాకా కౌలు సంగతి రైతు చెవిన వేయొద్దని సంస్థ నియమం. దాన్ని మాత్రం నేను తప్పలేదు.

"అక్కా, మంగళారం మా మేడం నీ చేను చూడనీకి వస్తది. పెద్ద కెమెరా తెస్తది," అన్నాను. అందులో నా గొప్ప కూడా కొంచెం ఉంది.

"నా చేనా? అండ్ల ఏమున్నది తమ్మీ చూడనీకి?"

"గడ్డి."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. మర్నాటి నుంచి అడ్డాలో కనబడలేదు. జ్వరమేమో అనుకున్నాను.

మంగళవారం రెండో లెక్కకు జయశ్రీ మేడం, నేను జీపు దిగేసరికి చేను అరచెయ్యిలా ఉంది. ఒక్క పోచ లేదు. గట్లు కూడా చెక్కి పెట్టారు. మధ్యలో కురుమమ్మ, వెనక ఐదుగురు ఆడవాళ్లు, చేతుల్లో కొడవళ్లు.

"మూడు దినాలు వట్టింది మేడం. ఇగ తియ్యిండ్రి ఫోటో," అంది.

మేడం చేనంతా కళ్లతో వెతికింది. "ఇక్కడ గుడ్లుండాలె కదమ్మా," అంది చివరికి.

"ఉండె. మూడు. పలగ్గొట్టలే, పైలంగ గట్టు మీద వెట్టిన. పిట్ట గుడ వచ్చి చుట్టు తిరిగి పోయింది."

గట్టు మీద పాత చీర ముక్క పరిచి, దానిమీద గుడ్లు పెట్టింది. ఎండ సూటిగా పడుతోంది. చీమలు అప్పటికే పట్టాయి. మేడం ఒక గుడ్డును చేతిలోకి తీసుకుని, మళ్లీ అక్కడే పెట్టి, వెళ్లి జీపులో కూర్చుంది.

"ఎందుకు పీకినవక్కా?" అని అరిచాను.

"ఎందుకేంది? పడావు వడ్డ చేను పట్నమోళ్లకు చూపిస్తనా? కురుమమ్మ సచ్చిందనుకోరా? మా అత్త చేసిన చేనుర ఇది. కలుపుతోని ఎన్నడన్న ఎవలకన్న చూపిచ్చినమా?"

మా ఊళ్లో పిల్లనివ్వడానికి వచ్చినవాళ్లు ఇంట్లోకి రాకముందు చేను గట్ల వెంట నడిచేవారు. కలుపు కనబడితే మంచినీళ్లు కూడా తాగకుండా తిరిగి వెళ్లేవారు. ఈ సంగతి సంస్థలో ఎవరికీ తెలియదు. తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

బుధవారం అశోక్‌నగర్ ఆఫీసులో కాగితం నా ముందుంది. సాయంత్రం నాలుగింటికి నారాయణగూడలో కమిటీ.

"రామచంద్రయ్య గారు," మేడం తలుపు దగ్గరికి వేసి మెల్లగా అంది, "మొదటి లెక్కనే జర అటు ఇటు చేసి రాస్తే? చేనన్న మిగుల్తది. గడ్డి మళ్ల మొలుస్తది."

"పిట్ట మళ్ల వస్తదా మేడం?"

ఆమె పెన్ను నా వైపు జరిపింది.

రాశాను. గరిక, నెండ్ర, బోద, మోకాలెత్తు. నా చెయ్యి ఆగలేదు. పద్నాలుగో చోటు దగ్గర, 'గూడు ఉన్నదా' అన్న గడిలో ఆగిపోయింది. అక్కడ పెన్ను పెట్టగానే చీర ముక్క మీది చీమలు కనబడ్డాయి. లేదు అని రాశాను. తర్వాత పైకి వెళ్లి, రాసిందంతా కొట్టేసి, ఇరవై చోట్లా సున్నాలు పెట్టుకుంటూ వచ్చాను. బళ్లో మాస్టరు నా పలక మీద రోజూ వేసిన అంకె అదే.

మేడం ఆ కాగితాన్ని ఫైలులో పెట్టుకుంది.

మర్నాడు పొద్దున అడ్డాకు వెళ్లాను. కౌలు సంగతి చెప్పేయాలని, ఐదేళ్ల కౌలు పోగొట్టుకున్నావని తిట్టాలని వెళ్లాను. కురుమమ్మ నన్ను దూరం నుంచే చూసి లేచి నిలబడింది. ఆమె అరచేతులు గడ్డి కోసుకుని గీతలు పడి ఉన్నాయి.

"రాసినవా తమ్మీ? నా చేను గురించి ఏమని రాసినవు?"

"ఒక్క పోచ లేదని రాసిన అక్కా."

ఆమె వెంటనే పక్కనున్న ఆడవాళ్ల వైపు తిరిగింది.

"ఇన్నరా? సర్కారు కాయితంల ఎక్కింది. ఒక్క పోచ లేదంట!"