గొంతు బాగున్నవాడి పక్షం

ఆ రోజు పొద్దున్నే మా ఇంట్లో టీవీ శబ్దం మీద గొడవ మొదలైంది. ముందురోజు సాయంత్రం మా ఆయన పాల్గొన్న చర్చను ఛానెల్ వాళ్లు మళ్లీ వేస్తున్నారు. మా అత్తగారు కుర్చీని టీవీ దగ్గరకు లాక్కుని, రిమోట్ ఒళ్లో పెట్టుకుని, శబ్దం పూర్తిగా ఆపేసి చూస్తున్నారు. అలాగని ఆవిడకు చెవుడేమీ లేదు. వంటింట్లో నేను చెంచా జారవిడిస్తే పడగ్గదిలోంచి "ఏం పగిలింది?" అని అడుగుతారు.

"నేను మాట్లాడుతుంటే నోరు నొక్కేస్తావేంటమ్మా?" అంటూ మా ఆయన సగం గీసుకున్న గడ్డంతో హాల్లోకి వచ్చారు.

"చూస్తున్నాగా. ఎంత బాగా చేస్తున్నావో!"

"చెయ్యడమేంటి? చెప్తున్నానక్కడ."

"ఏదైతేనేంలే. నీ చెయ్యి అలా పైకి లేచిందంటే ఆ గడ్డం అబ్బాయి పని అయిపోయినట్టే. మధ్యలో మాటలు అడ్డంరా."

ఈయన రిమోట్ లాక్కోబోయారు. ఆవిడ వదల్లేదు. ఆ పెనుగులాటలో బ్యాటరీల మూత ఊడి సోఫా కిందికి పోయింది. తల్లీ కొడుకులిద్దరూ నా వంక చూశారు. మూత వెతికి ఇచ్చాను. ఎవరిది తప్పో మాత్రం చెప్పలేదు.

మా ఆయన చాలాకాలం కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పారు. ఒక ఎన్నికలప్పుడు టీవీ వాళ్లు పిలిచారు, ఆ తర్వాత పిలుస్తూనే ఉన్నారు. ఇప్పుడు తెరమీద ఆయన పేరు కింద 'రాజకీయ విశ్లేషకులు' అని వేస్తారు. రోజూ మధ్యాహ్నం ఛానెల్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేస్తుంది. "సార్, ఇవాళ విషయం ఇదీ. మీరు ఏ వైపుంటారు?" అని అడుగుతుంది. రెండువైపులా మనుషులు ఉండాలి కదా మరి. ఈయన ఎక్కువసార్లు తను నమ్మిన వైపే తీసుకుంటారు. కొన్నిసార్లు ఖాళీగా మిగిలిన వైపు తీసుకుంటారు. ఏ వైపు మాట్లాడినా చొక్కా కాలరుకు అంటుకొచ్చే మేకప్ రంగు ఒక్కటే. ఉతికేదాన్ని నేనే కాబట్టి నాకు తెలుసు.

ముందురోజు ఆయన కళ్లజోడు మర్చిపోతే నేనే స్టూడియోకి తీసుకెళ్లాను. మేకప్ గదిలో ఈయనా, మా అత్తగారు 'గడ్డం అబ్బాయి' అనే ఆయనా పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. ఇద్దరి మెడలకూ కాగితం రుమాళ్లు దోపి ఉన్నాయి. తెరమీద కొట్టుకోవడం ఒక్కటే తక్కువగా అరుచుకునేవాళ్లు ఒకే ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటున్నారు. నాకది తప్పనిపించలేదు సరికదా, ముచ్చటేసింది.

"గొంతు పట్టేసిందమ్మా," అన్నారు గడ్డం ఆయన నన్ను చూసి, బొంగురుగా. తర్వాత ఈయన వైపు తిరిగారు. "గురూగారూ, ఇవాళ రోడ్డు పని ఆగిపోతుందనే వైపు మీరు తీసుకోండి. అది అరవాల్సిన వైపు. జరిగి తీరుతుందనే వైపు నేను మెల్లగా లాగించేస్తాను."

"నేను దానికి చదువుకుని వచ్చానే!"

"మీకు చదవడం ఎంతసేపు?"

ఇద్దరూ చేతిలో కాగితాలు మార్చుకున్నారు. మార్కెట్ రోడ్డును వెడల్పు చేస్తారా లేదా అన్నది ఆనాటి విషయం. కాసేపటికి బయట వరండాలోని టీవీలో ఈయన కనిపించారు. బల్ల గుద్ది మరీ చెబుతున్నారు. "ఈ పని జరగదు! ఒక్క షాపు మీద చెయ్యి పడదు! రాసి పెట్టుకోండి!"

కాగితాలు మారడం కళ్లారా చూసినదాన్ని. అయినా ఒక్క క్షణం నేనూ నమ్మేశాను. ఎందుకు నమ్మానా అని బస్సులో దారిపొడుగునా ఆలోచించాను.

రిమోట్ గొడవ చల్లారిన కాసేపటికి మా ఆడపడుచు వచ్చింది. ఈయనకు స్వయానా చెల్లెలు. ఆ మార్కెట్ రోడ్డు మీదే తనకు జిరాక్సు షాపుంది. వెడల్పులో షాపులు పోయేవాళ్లకు వెనక వీధిలో కట్టిన కొత్త భవనంలో చోటిస్తామని కార్పొరేషన్ చెప్పింది. కావలసినవాళ్లు ఆ సాయంత్రం ఆఫీసు మూసేలోగా వెళ్లి సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

"వదినా, నేను సంతకం పెట్టట్లేదు," అంది చెప్పులు విడుస్తూనే. "అన్నయ్య చెప్పాడుగా! పక్క షాపు టైలరన్నయ్యకి కూడా వీడియో చూపించా. ఆయనా మానేశాడు. అయినా ఆ వెనక వీధిలోకి ఎవడొస్తాడు, దారి తప్పిన కుక్క తప్ప?"

నేను నేరుగా గదిలోకి వెళ్లాను. ఈయన సాయంత్రానికి చొక్కా ఎంచుకుంటున్నారు.

"రోడ్డు నిజంగా ఆగిపోతుందా?"

"ఏ రోడ్డు?"

"నిన్న మీరు బల్ల గుద్దిన రోడ్డు."

"అదా! నాకేం తెలుసు? కోర్టులో ఉంది. నన్నడిగితే జరిగేలాగే ఉంది."

"మీ చెల్లెలు సంతకం పెట్టట్లేదట. మీరు చెప్పారని."

చొక్కా ఆయన చేతిలోనే ఆగిపోయింది.

"దానికి బుర్ర లేదా? అది టీవీ చర్చ. జనం కాలక్షేపానికి చూస్తారు. దాన్ని నమ్ముకుని ఎవరైనా సంసారం నడుపుతారా?"

"అంటే మీరు చేసేది వినోదమన్నమాట."

"నేనేమన్నా గంతులేస్తున్నానా? పాఠాలు చెప్పి పెద్దయినవాణ్ణి!"

"పాఠం చెప్పే రోజుల్లో కూడా ఎవరి గొంతు బాగుందో చూసుకునే చెప్పేవారా?"

దెప్పడానికి అడగలేదు. నాకు నిజంగానే తెలుసుకోవాలనుంది. నలుగురికీ హుషారు పుట్టించడం తప్పేమీ కాదు. ఈయన బల్ల గుద్దితే నాకూ హుషారుగానే ఉంటుంది. కానీ నాటకంలో రాజు వేషం వేసినవాడు స్టేజీ దిగాక ఎవరినీ పన్ను కట్టమనడు. చూసినవాళ్లూ కట్టరు. ఈయనో, చెవి వెనక పౌడరు తుడుచుకోకుండానే పాలు కొనడానికి వెళ్తారు. అక్కడ ఎవరైనా "భలే చెప్పారు సార్" అంటే తలూపి వస్తారు.

"మీరు పంతులైనా, వేషగాడైనా ఏదైనా అవ్వండి. ఏదన్నది మీ చెల్లెలికి తెలియాలి కదా," అని వచ్చేశాను.

భోజనాల దగ్గర ఈయన తలెత్తలేదు. ఆడపడుచు మాత్రం ఒకటే కబుర్లు. "మా వీధిలో ఇప్పుడు నా మాటే మాట, చెప్పింది మా అన్నయ్య కదా," అంటోంది.

"ఏరా, గొంతులో ముద్ద అడ్డం పడిందా?" అన్నారు మా అత్తగారు. "నిన్న అన్ని చేతులు ఊపావు. ఇప్పుడు ఊపకుండా చెప్పు. ఆ రోడ్డు పని జరుగుతుందా, జరగదా?"

ఈయన ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకున్నారు. కుడిచెయ్యి పళ్లెంలోనే ఉంది.

"నాకు తెలియదమ్మా."

తర్వాత గొంతు పట్టేసిన సంగతీ, కాగితాలు మార్చుకున్న సంగతీ అంతా చెప్పారు. మా ఆడపడుచు పళ్లెం పక్కకు నెట్టింది.

"అంటే, ఆయనకు జలుబు చెయ్యకపోయుంటే నేనీపాటికి సంతకం పెట్టేసి ఉండేదాన్నా?"

"ఉండేదానివే."

"ఛీ, నీ మొహం! సర్కస్ వాళ్లు నయం. అది సర్కస్ అని బయట బోర్డు పెడతారు."

"సర్కస్‌లో కాలు జారితే ఆడేవాడి నడుమే విరుగుతుందే," అన్నారు అత్తగారు. "వీడి ఆటలో చూసేవాళ్లకి విరుగుతుంది."

"సరే, ఇప్పుడు నీకు తెలిసిందేదో చెప్పు," అంది చెల్లెలు. "నేను షాపుదాన్ని. వినోదం తర్వాత."

ఈయన చెప్పారు. కోర్టు పని ఆపమనలేదు, విచారణ వాయిదా వేసిందంతే. యంత్రాలు తేవడానికి పిలిచిన టెండరు పూర్తయింది. విచారణ ఎటు తిరుగుతుందో తనకు తెలియదు. ఆ తెలియదన్న మాట రెండుసార్లు అన్నారు. ఒక్కసారి కూడా చెయ్యి లేవలేదు. మేం ముగ్గురం ముద్ద ఎత్తకుండా విన్నాం. ఇలా చెబితే టీవీలో ఎవరైనా చూస్తారా, ఛానెల్ మార్చేస్తారా అని నాలో నేనే అనుకున్నాను. ఇప్పటికీ నాకు తేలలేదు.

"చెయ్యి కడుక్కుని నేరుగా ఆఫీసుకే వెళ్తున్నా," అంది ఆడపడుచు. "సంతకం పెట్టేస్తా. టైలరన్నయ్యకి నువ్వే ఫోన్ చెయ్యి, ఇప్పుడే. నీ నోటితో నువ్వే చెప్పు."

"చేస్తా. సాయంత్రం షోలో మొదటి మాట కూడా అదే. నిన్న అరిచింది తెలిసి కాదు, గొంతు బాగుండి అని చెప్తాను."

"వాళ్లు చెప్పనిస్తారా?" అన్నాను.

"చెప్పనివ్వకపోతే మైకు తీసి అక్కడ పెట్టేసి వచ్చేస్తాను."

మా అత్తగారు కూర గిన్నె తన వైపు లాక్కున్నారు.

"అయితే ఇవాళ సౌండు పెట్టుకుని చూస్తాను," అన్నారు.