యేసయ్య చీటీ

కాలిపోయిన తీగను కత్తిరించి లాగుతూనే "షార్ట్" అన్నాడు యేసయ్య. అట్టముక్క మీద ఆ మాటే రాసి మోటారుకు కట్టాడు. ఐదో తరగతి దాటని మనిషి, కానీ చెడిపోయినవాటి ఇంగ్లీషంతా నోటికొచ్చు: జామ్, లూజ్, వీక్, ఫెయిల్, డెడ్! మిర్యాలగూడ చుట్టుపక్కల రైతులకు డాక్టరు చీటీ కన్నా ఆ చీటీ మీదే నమ్మకం.

బాగయ్యాక అదే అట్ట తిప్పి 'ఓకే' రాస్తాడు. అయితే తీగ మీద పూసిన వార్నీష్ ఎండలో బాగా ఆరాలి, గోరు దిగకూడదు. ఇరవై రెండేళ్లలో ఆ నియమం ఒక్కనాడూ తప్పలేదు.

త్రిపురారం రేణుకమ్మ నిన్నటి నుంచీ షాపు గోడకానుకుని కూర్చుంది. ఆమె మోటారుకు తీగ చుట్టి, వార్నీష్ పూసి పొద్దున్నే ఎండలో పెట్టాడు. ఆ ఏడు కాలువ నీళ్లు ఆమె మడి దాకా రాలేదు. ఉన్న ఒక్క ఎకరం వరి పొట్టకొచ్చింది, నేల నెర్రెలిచ్చింది.

"అన్నా, రెండింటికి కరెంటొస్తది. ఇయ్యాల తడి పారకపోతే ఇగ గడ్డే."

"వార్నీష్ పచ్చిగున్నది చెల్లె. ఇప్పుడేస్తే మల్ల కాలుతది. రేపు రా."

ఆ మాట అంటుండగానే ఎడమ రొమ్ములో పానాతో బిగించినట్టయింది. పొద్దున భార్య పెంటమ్మ దవాఖానకు పోదామంటే "గ్యాసే, నోర్ముయ్" అని కసిరాడు. ఊళ్లో మోటార్లన్నిటి రోగం చెప్పేవాడు తన రోగానికి పెట్టుకున్న పేరు అది! ఇప్పుడు మాత్రం భయమేసింది. రేపు తను లేవకపోతే ఈమె మోటారు ఎవరిస్తారు?

గోరుతో నొక్కాడు. దిగింది. చూడనట్టే మూత బిగించి, అట్ట తిప్పి 'ఓకే' రాశాడు.

"నీ కడుపు సల్లగుండ అన్నా," అంటూ రేణుకమ్మ మోటారు ఆటోలో వేయించుకుని పోయింది.

యేసయ్య మిట్టమధ్యాహ్నమే షట్టరు దించి ఇంటికి నడిచాడు. చాప మీద వాలి మంచినీళ్లడిగాడు. పెంటమ్మ గ్లాసు తెచ్చేసరికి తాగే మనిషి లేడు.

మర్నాడు సమాధుల దొడ్డి నుంచి వస్తూ పెంటమ్మ షాపు ముందు ఆగింది. రేణుకమ్మ అక్కడ కాలిన మోటారు ముందేసుకుని ఏడుస్తోంది. స్విచ్చి వేసిన ఐదు నిమిషాలకే పొగొచ్చిందట. తిట్టిపోద్దామని వచ్చి, ఇక్కడికొచ్చాక కబురు విన్నది.

"అన్న తప్పు రాయడు వదినా," అంది కళ్లు తుడుచుకుని. "నా నసీబే ఖరాబు."

రేణుకమ్మ ఎండిన మడి వైపు వట్టి చేతులతో బస్సెక్కింది.

మూసిన షట్టరు ముందు మోటారుంది. దానికి వేలాడుతున్న అట్ట అంచులు కమిలిపోయాయి గాని, 'ఓకే' మాత్రం చెక్కుచెదరలేదు.